ఆసుపత్రి వరండాలో నేర్చుకున్నవి

నాకిప్పుడు 76 ఏళ్ళు. తపాలా శాఖలో 36 ఏళ్ళు పనిచేసి 2009లో సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతమంతా సముద్రాన్ని ఆనుకుని కొబ్బరి, జీడి, పనస తోటలే. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానమైందని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఆ పేరు వినగానే బయటివాళ్ళకి తోటలు కాదు, కిడ్నీలు గుర్తుకొస్తాయి. మా ఇంట్లో ఇద్దరు ఆ జబ్బుతోనే పోయారు. తమ్ముడు 2005లో, నా భార్య 2020లో. తమ్ముడి విషయంలో దాదాపు అన్నీ తప్పులే చేశాను. భార్య విషయంలో కొన్ని దిద్దుకున్నాను, కొన్ని కొత్తవి చేశాను.

ఈమధ్య సోంపేట ఆసుపత్రి వరండాలో ఒక కుర్రాడు పక్కన కూర్చున్నాడు. లోపల వాళ్ళ నాన్నకి డయాలిసిస్ నడుస్తోంది. చాలాసేపు ఫోను చూసుకుని, ఉన్నట్టుండి "తాతా, ఇంత జరిగాక కూడా నీకు దేవుడి మీద నమ్మకం పోలేదా?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపు లోపలినుంచి వాడికి పిలుపొచ్చింది. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. అంకెలు వేశాను గాని ఈ వరసలో నేర్చుకున్నవి కావు.

1. జబ్బుకి పాపం లెక్క కట్టకు.

తమ్ముడికి 42 ఏళ్ళప్పుడు కాళ్ళవాపులు మొదలయ్యాయి. విశాఖపట్నంలో పరీక్ష చేయించుకొచ్చి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని కాగితం చూపించాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేనన్న మొదటి మాట: "అమ్మోరి సంబరానికి మొక్కుకున్నది ఎగ్గొట్టావు కదరా." అక్కడ ఉన్నది భయం. కాని నా నోట అది తీర్పుగా వచ్చింది. వాడేమీ అనలేదు. నెల తరువాత బావి గట్టు దగ్గర అడిగాడు. "అలగయితే ఊరంతా ఎగ్గొట్టినట్టేనేటి అన్నయ్యా?"

నిజమే కదా. అప్పటికే మా వీధిలో నాలుగిళ్ళలో ఆ జబ్బుంది. ఆ తరువాత ఎందరో డాక్టర్లు, పరిశోధకులు వచ్చారు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో తగినన్ని నీళ్ళు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, ఒళ్ళునొప్పులకి మింగే మాత్రలన్నారు. ఇదీ కారణమని ఈనాటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. సైన్సుకి తేలనిది నేను ఒక్క నిమిషంలో తేల్చేశాను, అదీ వాడి మొహం మీదే. ఉద్దానం ఇళ్ళకి పిల్లనివ్వడానికి జంకేవాళ్ళని చూసి మనం బాధపడతాం. ఇంట్లో మనం చేసిందీ అలాంటిదే. జబ్బు వచ్చినవాడు ఎలాగూ రాత్రంతా "నాకే ఎందుకొచ్చింది" అని తన్ను తాను తవ్వుకుంటూనే ఉంటాడు. ఆ గోతిలో ఇంకో పలుగు వెయ్యకండి.

2. డబ్బు వెళ్ళిన చోటికి మనిషి వెళ్ళినట్టు కాదు.

2004లో మా ప్రాంతంలో డయాలిసిస్ కేంద్రం లేదు. ఆరోగ్యశ్రీ 2007లో గాని రాలేదు. తమ్ముడు ఎకరంన్నర కొబ్బరితోట అమ్మి, విశాఖపట్నంలో ఆసుపత్రికి దగ్గరలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. నేను నెలనెలా మనియార్డరు చేసేవాణ్ణి. నా ఆఫీసులో నా చేత్తోనే ముద్ర కొట్టి పంపేవాణ్ణి. మనియార్డరు ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకోవడానికి చోటుండేది. అందులో రాసేవాణ్ణి: "ధైర్యంగా ఉండు. దేవుడున్నాడు."

సెలవు దొరక్క కాదు. కావలసినంత సెలవుంది. వాడి మొహం చూడటానికి భయపడ్డాను. ఆ భయానికి ఉద్యోగం అని పేరు పెట్టుకున్నాను. నా భార్య మాత్రం రెండుసార్లు ఒంటరిగా రాత్రి రైలెక్కి వెళ్ళి, వారమేసి రోజులుండి వండిపెట్టి వచ్చింది.

వాడు పోయాక ట్రంకుపెట్టె తెరిచాం. మనియార్డరు చీటీలు పదిహేడు, దారంతో కట్టి ఉన్నాయి. పదిహేడింటి మీదా అవే రెండు వాక్యాలు. ఒక్క చీటీలోనైనా "ఎలా ఉన్నావురా?" అని లేదు. దేవుడున్నాడని పదిహేడుసార్లు రాసిన అన్నయ్య తాను మాత్రం అక్కడ లేడు. ఆ కట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. విప్పను, పారెయ్యను.

3. మందు మానెయ్యమని చెప్పే భక్తిని గడప దాటనివ్వకు.

దీని మీద ఎక్కువ రాయలేను. ఎవరో చెప్పగా తమ్ముణ్ణి ఒక పసరు మందు మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. పూజ చేశాడు, వేరు కట్టాడు, పసరిచ్చాడు, నలభై రోజులు ఇంగ్లీషు మందు ముట్టవద్దన్నాడు. ముట్టలేదు. నలభై రోజుల తరువాత వాడి రక్తపోటు ఎక్కడికి పోయిందో, మిగిలిన కిడ్నీ ఏమైందో డాక్టరు మమ్మల్ని తిడుతూ చెప్పాడు. ఆ పసరు మనిషి మీద నాకు కోపం లేదు. చదువుకున్నవాణ్ణి నేను. గుడికి వెళ్ళండి, మసీదుకి వెళ్ళండి, చర్చికి వెళ్ళండి, మాత్ర మింగి వెళ్ళండి.

4. దేవుడితో బేరానికి దిగితే చివరిదాకా బేరమే నడుస్తుంది.

నా భార్యకి 2011లో జబ్బు బయటపడింది. 2015 కార్తీకంలో డయాలిసిస్ తప్పలేదు. మొదట్లో సోమవారం, గురువారం శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళం, పోను వంద కిలోమీటర్లకి తక్కువ కాదు. తమ్ముడి విషయంలో చెయ్యనివన్నీ ఈమెకి చేసి తీరాలనుకున్నాను. శ్రీకాకుళంలోనే ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆరోగ్యమిస్తాడని మా జిల్లాలో పసిపిల్లాడికి కూడా తెలుసు. రథసప్తమి అభిషేకానికి వస్తాను, ఆమెకి మిషను తప్పించు అని మొక్కుకున్నాను. ఇంత ఇస్తాను, అంత తగ్గించు. సంతలో గుమ్మడికాయ బేరంలాగే ఉంది అది. అప్పుడు అలా తోచలేదు.

2016 రథసప్తమి ఆదివారం వచ్చింది. శనివారం సాయంత్రం బయలుదేరుతుంటే ఆమె అంది: "కొద్దిగా ఆయాసంగా ఉంది. ఈపాలికి ఉండిపోకూడదేటి?" గురువారం డయాలిసిస్ అయ్యాక ఒంట్లో నీరు చేరే రోజులవి. నాకు తెలుసు. అయినా దేవుడికిచ్చిన మాట అన్నాను. రాత్రంతా వరసలో నిలబడ్డాను. వేల జనం. ఫోను సంచిలో పెట్టి బయట ఇచ్చేశాను. తెల్లవారి దర్శనం చేసుకుని వచ్చి చూస్తే తొమ్మిది కాల్స్. అర్ధరాత్రి దాటాక ఆమెకి ఊపిరాడలేదు. ఎదురింటి కుర్రాడు 108కి ఫోను చేసి, తానే వెంట వచ్చి శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాడు. నేను దేవుడి కోసం వరసలో నిలబడ్డ ఊళ్ళోనే, ఆ గంటల్లోనే, ఆమె మొహానికి ఆక్సిజన్ పెట్టుకుని నాకోసం గుమ్మం వైపు చూస్తోందన్నమాట.

నేను వెళ్ళేసరికి తేరుకుంది. మాస్కు పక్కకి జరిపి అడిగింది. "ప్రసాదం తెచ్చినారా?" ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఆ ప్రసాదం చేతిలో పెట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను మాత్రం ఆరోజు దేవుడి మీద అలిగాను. మాట నిలబెట్టుకున్నాను కదా, నువ్వెందుకు నిలబెట్టుకోలేదని. మూడు నెలలు ఇంట్లో దీపం పెట్టలేదు. ఆమే పెట్టుకునేది. అలిగినందుకు ఇప్పుడు సిగ్గులేదు. అలగడానికైనా ఎదుట ఒకరున్నారనుకోవాలి కదా. సిగ్గుపడేది ఆ శనివారం సాయంత్రం గురించి.

5. "ఏం కాదు" అనే మాట రోగి నోరు మూయిస్తుంది.

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అంటారు. నేనూ అనేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం దురదతో, కండరాలు పట్టేసి అవస్థ పడుతూ తన తరువాత ఇల్లెలా నడుస్తుందో చెప్పబోయింది. నేను అలవాటుగా "ఏం కాదులే" అన్నాను. ఆమె నాకేసి చూసి, "ఏం కాదు, ఏం కాదంటే, అయినది ఎవలితో సెప్పుకోవాల?" అంది.

ఆ తరువాత నోరు మూసుకుని వినడం నేర్చుకున్నాను. తేలిక కాదు. మగవాడికి వినడమంటే ఏదో ఒక పరిష్కారం చెప్పడమే అనుకుంటూ పెరిగినవాణ్ణి. ఆమె చెప్పినవి పెద్ద విషయాలేమీ కాదు. చిన్నకోడలికి ఫలానా గాజులివ్వాలి, పాలవాడికి బాకీ ఉంది, తన చీరలు ఎవరికీ దానం చెయ్యకుండా ముందు కూతుర్ని అడగాలి. ఒకసారి మాత్రం "నొప్పి లేకుండా పోతే బాగుణ్ణు" అంది. నేను "ఊఁ" అన్నాను. అంతే. ఆ రాత్రి చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయింది.

6. ప్రేమకి కూడా కొలపాత్ర కావాలి.

ఉద్దానంలో గుమ్మంలోకి వచ్చినవాడికి కొబ్బరిబొండాం కొట్టివ్వడం మర్యాద. అదే కొబ్బరినీళ్ళు కిడ్నీ పోయినవాళ్ళకి విషంతో సమానం. అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చుట్టూ వెయ్యి కొబ్బరిచెట్లు, మధ్యన దాహంతో మనిషి. మా ప్రాంతం మొత్తాన్ని ఈ ఒక్క మాటలో చెప్పొచ్చు.

డాక్టరు నీళ్ళకి కొలత పెట్టాడు. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండమన్నాడు. అరటిపండు వద్దు, ఊరగాయ వద్దు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలి వీస్తుంటే ఆమె పెరట్లో చెట్టుకేసి చూస్తూ "ఒక్క బొండాం" అంది. అరవై ఏళ్ళ మనిషి చిన్నపిల్లలా అడిగింది. నాకు మనసు కరిగి కొట్టిచ్చాను. ఆమె తాగుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. రాత్రికి కాళ్ళు తిమ్మిరెక్కాయి, గుండె తడబడింది. ఆసుపత్రిలో ఈసీజీ చూసి డాక్టరు పరుగులు పెట్టించి అప్పటికప్పుడు మిషను మీద పెట్టించాడు. "ఏం తాగావమ్మా?" అని గద్దించాడు. నేను తల ఎత్తేలోపే ఆమె అంది. "నానే తాగేసినాను బావూ. ఈయన ఇంట్లో లేరు."

నన్ను కాపాడటానికి ఆమె ఆడిన ఆ అబద్ధం మా పెళ్ళిలో చదివిన మంత్రాలన్నిటికంటే బరువుగా ఉంటుంది నాకు. నేనప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ రోజునుంచి ఒక గీతల గ్లాసు కొని నీళ్ళు కొలిచి ఇచ్చాను. అడిగినప్పుడు లేదనడం, అన్న తరువాత పక్కనే కూర్చోవడం. రెండోది లేకపోతే మొదటిది క్రూరత్వం.

7. చూసుకునేవాడి ఒళ్ళు కూడా ఒళ్ళే.

నా బీపీ మాత్రలు నేను మరిచిపోయి బస్టాండులో కళ్ళు తిరిగి పడ్డాను. ఇద్దరం పక్కపక్క మంచాల మీద పడుకున్నాం ఆరోజు. పిల్లలు ఎవరి దగ్గర కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడ్డారు. త్యాగం చేస్తున్నానన్న గర్వం నాకు లోలోపల ఉండేదని అప్పుడు తెలిసింది. తిను, పడుకో, వారంలో ఒక పూట ఎవరికైనా అప్పగించి బయట తిరిగిరా.

8. పక్కవాడి ప్రార్థనకి చెయ్యి అడ్డుపెట్టకు.

తరువాత సోంపేటలోనే డయాలిసిస్ కేంద్రం వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. మంగళ, గురు, శనివారాలు, పూటకి నాలుగు గంటలు. అక్కడ ఒక టెక్నీషియన్ అమ్మాయి ఉండేది. డయాలిసిస్ కోసం చేతిలో చేసిన ఫిస్టులాలో లావుపాటి సూదులు రెండు గుచ్చేముందు అరనిమిషం కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. క్రైస్తవుల అమ్మాయి. మొదటిసారి నేను మొహం చిట్లించాను. మా దేవుడుండగా ఈ ప్రార్థన ఏమిటని. నా భార్య నా మోచేతిని గిల్లింది.

కొన్నాళ్ళకి ఉండబట్టలేక ఆ అమ్మాయినే అడిగాను, మా ఆవిడకి నయం కావాలని ప్రార్థిస్తున్నావా అని. ఆ పిల్ల నవ్వి, "కాదు సర్. నా చెయ్యి వణక్కూడదని" అంది.

నా డెబ్భై ఏళ్ళ పూజల్లో ఇంత చక్కని కోరిక నేనెప్పుడూ కోరలేదు. అద్భుతం చెయ్యమని కాదు, ఎదుటివాళ్ళ పని ఏమీ కాదు, తన చేతిలో ఉన్న పని సరిగ్గా జరగాలని. అప్పటినుంచి నేనూ అదే అడగడం మొదలుపెట్టాను. ఈరోజు విసుక్కోకుండా ఉండనీ. మాత్రల వేళ మరవకుండా ఉండనీ. ఇలాంటి కోరికలు చాలావరకు తీరాయి. తీరని రోజున తప్పు ఎవరిదో కూడా తెలిసేది.

9. సాయం అడగడానికి పరువు అడ్డొస్తే ఆ పరువుని అవతల పెట్టు.

2018 అక్టోబరు 11, గురువారం. నవరాత్రుల్లో రెండో రోజు. తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. పొద్దున తలుపు తీస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాను. మా తాత నాటిన కొబ్బరిచెట్లు దువ్విన జుట్టులా ఒకే వైపుకి పడున్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. ఆమె డయాలిసిస్ రోజది. మంగళవారం చేయించుకున్నదే చివరిది. గురువారం పోయింది. శుక్రవారం పోయింది. శనివారం పొద్దున పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంది.

ఎవరిని అడగాలి? ప్రతి ఇంటిలోనూ తోట పోయింది, కొందరికి కప్పు కూడా పోయింది. వాళ్ళ ఏడుపులో వాళ్ళుంటే నా భార్యని మోయండని ఎలా అడగను అని గంటసేపు గుమ్మంలో తచ్చాడాను. ఆ గంట కూడా నా తప్పుల లెక్కలోదే. చివరికి ఆమే పక్కింటి గోడకేసి గొంతెత్తి పిలిచింది. ఆ గోడవతలివాళ్ళతో మాకు పదకొండేళ్ళుగా గట్టు తగాదా, మాటల్లేవు. ఆ ఇంటి కొడుకులిద్దరూ గొడ్డళ్ళు పట్టుకుని ముందొచ్చారు. వాళ్ళ వెనక వీధిలో పదిమంది. నులక మంచానికి వెదుళ్ళు కట్టి ఆమెని కూర్చోబెట్టి, ముందు నలుగురు మానులు నరుకుతూ దారి చేస్తుంటే, వెనక నలుగురు మోశారు. హైవే చేరడానికి మధ్యాహ్నమైంది. అక్కడ ఒక లారీ ఆపారు. శ్రీకాకుళం చేరేసరికి చీకటి పడింది. మిషను దొరికింది.

దేవుడే ఆ కుర్రాళ్ళని పంపాడని తరువాత చాలామంది అన్నారు. అనడం తేలిక. పంపినా పంపకపోయినా గొడ్డలి పట్టింది వాళ్ళు, పొద్దుటినుంచి ఏమీ తినకుండా. వాళ్ళు నరికిన మానుల్లో వాళ్ళ సొంత చెట్లు కూడా ఉన్నాయి. నమ్మకం అన్న మాటకి నాకు తెలిసిన బొమ్మ ఇప్పుడు అదొక్కటే. గట్టు తగాదా మళ్ళీ ఎత్తలేదు. సర్వేయరు వచ్చినా రాయి వాళ్ళు చెప్పిన చోటే వేయించాను.

10. ధైర్యం చెప్పడమంటే మరిచిపోలేదని తెలియజెయ్యడం.

నాతో పనిచేసిన మిత్రుడొకడు రిటైరై నరసన్నపేటలో ఉండేవాడు. మోకాళ్ళనొప్పులతో ఎక్కడికీ కదల్లేడు. వాడు వారానికొక కార్డు రాసేవాడు, అర్ధరూపాయి పోస్టుకార్డు, నా పేరున కాదు, నా భార్య పేరున. అందులో జబ్బు మాటుండదు, దేవుడి మాటుండదు. "అమ్మా, మా పెరట్లో పనస ఈసారి మొదట్లోనే కాసింది. కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, ఒకదానికి మీ ఆయన పేరు పెట్టాను, అలాగే అరుస్తుంది." ఇలాంటివి. ఆమె ఆ కార్డు పట్టుకుని మిషను మీద పడుకునేది. పక్క మంచం వాళ్ళకి చదివి వినిపించేది. కార్డు రాని వారం పోస్టుమేన్‌కి చీవాట్లు పడేవి.

36 ఏళ్ళు ఉత్తరాల మధ్య బతికాను. ముద్రలు కొట్టాను, బరువులు తూచాను. "తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు" అనే టెలిగ్రాములు లెక్కలేనన్ని పంపించాను. 2013 జులైలో టెలిగ్రాము ఆగిపోయినప్పుడు మా వాళ్ళందరం ఫోన్లు చేసుకుని బాధపడ్డాం. కాని ఒక కార్డు ముక్క మనిషిని వారం రోజులు ఎలా నిలబెడుతుందో ఆమె చేతిలో చూసేదాకా నాకు తెలియదు. తమ్ముడికి నేను రాసిన పదిహేడు చీటీలు మళ్ళీ గుర్తొచ్చాయి. వాటిలో కుక్కపిల్ల ఒక్కటీ లేదు.

2019లో ప్రభుత్వం డయాలిసిస్ రోగులకి పింఛను నెలకి పదివేలు చేసింది. మొదటి నెల డబ్బు చేతికి రాగానే ఆమె నాచేత కొనిపించింది ఒక పెద్ద ఫ్లాస్కు. "మీరు బయట నాలుగు గంటలు కూకుంటారు కదా. మీరొక్కరే తాగితే బాగోదు, పదిమందికి సరిపోయినది తెండి" అంది. తనకి మాత్రం అందులో గుక్కెడు కూడా లేదు.

11. ఆమె పూజ నేను చాలా ఆలస్యంగా చూశాను.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయకిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయి. అది చూడాలని ఎన్నిసార్లు జనంలో నలిగానో. ఇంటి దగ్గర ఆమె ఏం చేసేదంటే, పొద్దున్నే లేచి పెరట్లోకి వచ్చి, తూర్పున సముద్రం మీద సూర్యుడు కనబడేదాకా నిలబడి, కుడిచేతి రెండు వేళ్ళు ఎడమచేతి ఫిస్టులా మీద ఆనించేది. డయాలిసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. అది బాగుంటే అక్కడ వేలు పెట్టినప్పుడు లోపల తుమ్మెద ఉన్నట్టు జుయ్యిమని అదురుతుంది. ఆ అదురు చూసుకుని "నడస్తంది" అనుకుని, అప్పుడు సూర్యుడికి దణ్ణం పెట్టేది. నాలుగేళ్ళు రోజూ అదే. ఇంకేమీ అడిగేది కాదు. నేను మంచం మీదనుంచి చూసేవాణ్ణి గాని, అదొక పూజ అని నాకు తోచలేదు.

2020 జనవరిలో ఒకరోజు పొద్దున ఆమె వేళ్ళు పెట్టింది. జరిపి పెట్టింది. చెయ్యి ఎత్తి చెవికి ఆనించుకుంది. "ఆగిపోనాది" అంది. తరువాత, రోజూ పెట్టినట్టే, సూర్యుడికి దణ్ణం పెట్టింది. నేనది చూస్తూ మెట్ల మీద కూర్చుండిపోయాను. మెడకి గొట్టం వేశారు, జ్వరం పట్టుకుంది, పంతొమ్మిది రోజులకి వెళ్ళిపోయింది. చివరి రాత్రి నేను పక్కనే ఉన్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు.

కుర్రాడా, నీ ప్రశ్నకి జవాబు: పోయింది. అడిగింది ఇచ్చే దేవుడొకడు ఉండేవాడు నా దగ్గర, ఆయన మీద నమ్మకం పోయింది. ఆగిపోయిన చేతితో ఆమె ఎవరికి దణ్ణం పెట్టిందో, ఆయన మీద మాత్రం పోలేదు. ఆయన గురించి నాకింకేమీ తెలియదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయంనుంచి గొట్టాల్లో మంచినీళ్ళు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. మావాళ్ళు ఇద్దరూ చూడలేదు. మీరైనా మీవాళ్ళని బేగి చూపించుకోండి. కాళ్ళు వాచేదాకా ఆగకండి, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించండి.

నేను మంగళవారాలు సోంపేట ఆసుపత్రి వరండాలో ఉంటాను, ఎనిమిదింటినుంచి. ఫ్లాస్కు అదే, టీ నేనే పెడతాను, కొంచెం పలచగా ఉంటుంది. తోడొచ్చినవాళ్ళకే. లోపల ఉన్నవాళ్ళకి కొలత ఉంటుంది.